ఆటో సీపాప్ పెట్టుకున్నా రాత్రి నాలుగైదుసార్లు మెలకువ వస్తోంది, ప్రెషర్ పెంచాలా?

తమ్ముడూ, ముందు మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ రాస్తాను, ఇదే ఇబ్బందితో వచ్చి చదివేవాళ్ళకి కూడా పనికొస్తుంది. మీ నాన్నగారు ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటారు, 61 ఏళ్లు, స్లీప్ ఆప్నియా ఉంది, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి శ్వాస మాటిమాటికీ ఆగిపోయే జబ్బు. విశాఖలో స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాసని కొలిచే పరీక్ష) చేయిస్తే ఏహెచ్‌ఐ, అంటే గంటకి శ్వాస ఎన్నిసార్లు ఆగిందో, సన్నబడిందో ఆ లెక్క, 42 వచ్చింది. డాక్టరుగారు ఆటో సీపాప్ రాశారు, అది మాస్కులోంచి ప్రెషర్‌తో గాలి పంపి గొంతు తెరిచి ఉంచే మెషిన్, ప్రెషర్ తనే మార్చుకుంటుంది. ముక్కు, నోరు రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్కు ఇచ్చారు. మెషిన్ మాత్రం డబ్బాలోంచి తీసినప్పుడు ఉన్న 4 నుంచి 20 రేంజిలోనే, అంటే కింది ప్రెషర్ 4, పై ప్రెషర్ 20 మీదే, మూడు నెలలుగా నడుస్తోంది. పడుకున్న గంటన్నరకి ఒకసారి లేస్తున్నారు, మళ్ళీ రెండింటికి, మళ్ళీ మూడున్నరకి, ఆ మూడున్నరకి లేచినప్పుడు మాస్కు తీసి పక్కన పెట్టేసి తెల్లారేదాకా గురక పెడుతూ పడుకుంటున్నారు. మెషిన్‌లో ఏహెచ్‌ఐ 7, 8 చూపిస్తోంది. అమ్మిన షాపతను "ప్రెషర్ చాలట్లేదు, 14కి ఫిక్స్ చేసేస్తాను" అంటున్నాడు, చేయించమంటారా అని అడిగారు. చివర్లో ఊరికే అన్నట్టు నాన్నగారికి పై పళ్ళసెట్టు ఉందని, రాత్రి తీసేసి పడుకుంటారని కూడా రాశారు.

సూటిగా చెప్పాలంటే: 14కి ఇప్పుడే ఫిక్స్ చేయించొద్దు. ముందు మాస్కు లీకు ఎంతుందో చూడండి, అది ఆపండి. ఆ తర్వాత కింది ప్రెషర్‌ని 4 నుంచి 6కి, అవసరమైతే 7కి, 8కి, ఒక్కో మెట్టు పెంచుకుంటూ రండి. పై ప్రెషర్‌ని 20 దగ్గర వదిలేయకుండా, మెషిన్ రిపోర్టులో ఉన్న 95 శాతం ప్రెషర్ (అదేంటో కింద చెప్తాను) చూసి దానికి ఒకటి రెండు పైన ఆపండి. ఇవి మార్చేముందు స్లీప్ స్టడీ రాసిన డాక్టరుగారికి ఫోన్ చేసి ఒక మాట చెప్పండి, చాలామంది సరే అంటారు, ఏదైనా వద్దంటే దానికి కారణం ఉంటుంది. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, మార్చాక కనీసం నాలుగైదు రాత్రులు అలాగే ఉంచాలి. మీ నాన్నగారి లాంటివాళ్ళు ఎక్కువమందికి ఈ రెండు మూడు మార్పులతోనే మెలకువలు బాగా తగ్గుతాయి.

నేను స్లీప్ టెక్నీషియన్ని. మొదట్లో విశాఖలో ల్యాబుల్లో రాత్రిళ్ళు కూర్చుని టైట్రేషన్లు చేసేవాణ్ణి, అంటే పేషెంటు పడుకుని ఉండగా ప్రెషర్ మెల్లగా పెంచుకుంటూ ఎంత దగ్గర శ్వాస ఆగడం పోతుందో చూడటం. ఇప్పుడు బరంపురంలో ఉంటున్నాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మన తెలుగువాళ్ళు స్టడీ విశాఖలో చేయించుకుని మెషిన్ తీసుకుని ఊరికి వెళ్ళిపోతారు, ఆ తర్వాత సెట్టింగు చూసే మనిషి ఉండడు. మళ్ళీ విశాఖ వెళ్ళాలంటే రానూపోనూ రెండ్రోజుల పని. అందుకని మెషిన్ బీరువాలోకి వెళ్ళిపోతుంది. పాతికవేలో, ముప్పైవేలో, ఇంకా ఎక్కువో పెట్టి కొన్న మెషిన్ అలా మూలపడితే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అది పనిచేయక కాదు, సరిపెట్టకపోవడం వల్ల పోతోంది.

ఇప్పుడు 4 నుంచి 20 ఎందుకు నిద్ర చెడగొడుతుందో చెప్తాను. ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తెలిసిపోతుంది.

ఆటో మెషిన్ ముందే ఊహించి ప్రెషర్ పెంచదు. గొంతు మూసుకోవడం మొదలైతే, శ్వాస అల సన్నబడితే, గురక వస్తే, అది చూసి పెంచుతుంది. అంటే మీ నాన్నగారికి నిజంగా కావలసింది 10 అనుకోండి, మెషిన్ 4 దగ్గర కూర్చుంది, వాన మొదలయ్యాక గొడుగు కోసం లోపలికి పరిగెత్తినట్టు, ఈలోపు రెండు మూడుసార్లు శ్వాస ఆగనే ఆగింది, మెదడు ఉలిక్కిపడి లేపనే లేపింది. తర్వాత కాసేపు ఏ ఇబ్బందీ లేకపోతే మెషిన్ మళ్ళీ మెల్లగా కిందికి దిగుతుంది, మళ్ళీ అదే కథ. రాత్రంతా ఎక్కడం దిగడం, ఆ ఎక్కడంలో ఒక్కోసారి 13, 14 దాకా వెళ్తుంది, అప్పుడు సరిగ్గా అమరని మాస్కు అంచు లేచి గాలి కళ్ళలోకి కొడుతుంది. మనిషి లేస్తాడు.

మరి మూడున్నరకే మాస్కు ఎందుకు తీసేస్తున్నారంటే, కలలు వచ్చే నిద్ర, రెమ్ అంటారు, అది రాత్రి మొదటి భాగంలో తక్కువ, తెల్లవారుజామున ఎక్కువ. ఆ నిద్రలో కండరాలు బాగా వదులైపోతాయి, గొంతు కండరాలు కూడా, అందుకని చాలామందికి అప్పుడే శ్వాస ఎక్కువ ఆగుతుంది, అప్పుడే ఎక్కువ ప్రెషర్ కావాలి. వెల్లకిలా పడుకుని ఉంటే ఇంకాస్త ఎక్కువ. కాబట్టి "రాత్రి ముందు భాగం బాగానే ఉంటోంది, మూడు దాటాకే గోల" అన్న మాట వింటే నేను ముందు అడిగేది కింది ప్రెషర్ ఎంత పెట్టారనే.

ఏం మార్చాలన్నా ముందు నంబర్లు చూడండి. మెషిన్ స్క్రీన్ మీద స్లీప్ రిపోర్టు అని ఉంటుంది, కొన్నింటికి ఫోన్ యాప్ ఉంటుంది, మెషిన్‌లో ఎస్‌డీ కార్డు ఉంటే దాన్ని కంప్యూటర్‌లో పెట్టి ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాత్రి మొత్తం గ్రాఫు నిమిషం నిమిషం చూడొచ్చు, అన్ని కంపెనీల మెషిన్లూ అందులో రావు గానీ బాగా వాడుకలో ఉన్నవి వస్తాయి. మీరు ఇంజినీరింగ్ చదివానన్నారు కాబట్టి ఇది మీకు గంట పని. చూడాల్సినవి మూడే: లీకు ఎంత, 95 శాతం ప్రెషర్ ఎంత, ఏహెచ్‌ఐలో ఓఏ ఎంత సీఏ ఎంత. 95 శాతం ప్రెషర్ అంటే రాత్రిలో నూటికి 95 వంతుల సేపు మెషిన్ ఆ నంబరు దగ్గరో దాని కిందో ఉందని, కొన్ని కంపెనీలు 90 శాతం చూపిస్తాయి, పెద్ద తేడా లేదు. ఓఏ అంటే గొంతు మూసుకుపోయి ఆగిన శ్వాస. సీఏ అంటే గొంతు తెరిచే ఉంది, కానీ మెదడు నుంచే "పీల్చు" అన్న ఆజ్ఞ కాసేపు రాలేదు. రెండింటికీ చేయాల్సింది వేర్వేరు, అందుకే మొత్తం ఏహెచ్‌ఐ ఒక్కటే చూసి "చాలట్లేదు, పెంచేద్దాం" అనడం సరికాదు, షాపతను చూస్తున్నది ఆ ఒక్క నంబరే. చికిత్సలో ఉండగా మొత్తం ఏహెచ్‌ఐ 5 లోపు ఉండాలని చూస్తాం.

ఇక లీకు. లీకు ఆపకుండా ప్రెషర్ ముట్టుకోవద్దు, ఎందుకంటే లీకు ఎక్కువున్నప్పుడు మెషిన్‌కి శ్వాస సరిగ్గా కనిపించదు, అది చూపించే ఏహెచ్‌ఐ కూడా నమ్మడానికి లేదు. రెస్‌మెడ్ మెషిన్లలో అయితే 95 శాతం లీకు నిమిషానికి 24 లీటర్ల లోపు ఉండాలి. మిగతా కంపెనీలు లెక్క వేరేగా చూపిస్తాయి, కొన్ని మాస్కులోంచి కావాలని బయటికి పోయే గాలిని కూడా కలిపి చెప్తాయి, అక్కడ "లార్జ్ లీక్" ఎంతసేపు ఉందని చూస్తే చాలు.

పళ్ళసెట్టు సంగతి ఇక్కడే. షాపులో మాస్కు అమర్చినప్పుడు మీ నాన్నగారు కుర్చీలో కూర్చుని, పళ్ళసెట్టు పెట్టుకుని ఉండి ఉంటారు. రాత్రి సెట్టు తీసేస్తే పై పెదవి లోపలికి పోతుంది, బుగ్గలు జారతాయి, మాస్కు అంచు ఆనాల్సిన చోటే ఖాళీ వస్తుంది. గుణుపురం దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారికి సరిగ్గా ఇదే జరిగింది, ఇంట్లోవాళ్ళు ప్రతి వారం బెల్టులు ఇంకాస్త బిగించుకుంటూ పోయారు, ముక్కు మీద పుండు పడింది, లీకు మాత్రం తగ్గలేదు. సెట్టు లేకుండా పడుకోబెట్టి కొలిస్తే ఆయనకి ఒక సైజు చిన్న కుషన్ (మాస్కులో మొహానికి ఆనే సిలికాన్ భాగం) కావాలని తేలింది, అది మార్చగానే బెల్టులు సగం వదులు చేసినా లీకు పోయింది, ప్రెషర్ ఒక్క పాయింటు కూడా మార్చలేదు. అలాగని పళ్ళసెట్టు పెట్టుకుని పడుకోమని చెప్పట్లేదు, అది పళ్ళ డాక్టరుగారిని అడగాల్సిన విషయం. ఎలా పడుకుంటారో అలాగే కొలవాలి అంటున్నాను.

మాస్కు ఎలా అమర్చాలంటే, నాన్నగారు మొహం సబ్బుతో కడుక్కుని తుడుచుకోవాలి, మనవాళ్ళు రాత్రి తలకి నూనె రాసుకుంటారు, ఆ నూనె నుదుటి మీంచి దిగితే సిలికాన్ జారిపోతుంది, అందుకని నూనె పొద్దున స్నానానికి ముందు రాసుకోమనండి. తర్వాత మంచం మీద పడుకుని, వాళ్ళు రోజూ వాడే దిండు మీదే తల పెట్టి, మెషిన్‌లో మాస్క్ ఫిట్ అనే ఆప్షన్ ఉంటే అది నొక్కండి, అది కాసేపు కాస్త ఎక్కువ ప్రెషర్‌తో గాలి వదులుతుంది. ఆ గాలి వస్తుండగా మాస్కుని ఒకసారి మొహం నుంచి కొంచెం ముందుకి లాగి మెల్లగా వదలండి, కుషన్ ఉబ్బి తనంతట తాను కూర్చుంటుంది. అప్పుడు కింది బెల్టులు, తర్వాత పై బెల్టులు, రెండువైపులా సమంగా. ఒక పక్కకి తిరిగి చూడమనండి, ఇంకో పక్కకి తిరగమనండి. ముక్కు ఎముక పక్క నుంచి కళ్ళలోకి గాలి వస్తుంటే పై బెల్టు, గడ్డం దగ్గర బుస్సుమంటుంటే కింది బెల్టు. బెల్టు కింద వేలు సులువుగా దూరాలి. పొద్దున్న లేచాక మొహం మీద ఎర్రటి గాడి గంటసేపు ఉండిపోతోందంటే బిగింపు ఎక్కువైంది లేదా సైజు తప్పు. మీసాలు గుబురుగా ఉంటే అంచు దగ్గర కత్తిరించుకుంటే చాలు. కుషన్ రోజూ పొద్దున గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం మైల్డ్ సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి, కొన్ని నెలలు వాడాక సిలికాన్ మెత్తబడి పట్టు వదిలేస్తుంది, అప్పుడు కుషన్ ఒక్కటే దొరుకుతుంది, మాస్కు మొత్తం కొనక్కర్లేదు.

లీకు దారికొచ్చాక కింది ప్రెషర్. 4 అనేది పెద్దవాళ్ళు చాలామందికి అసలు గాలి ఆడనట్టే ఉంటుంది, మాస్కు పెట్టగానే "ఊపిరి అందట్లేదు" అని తీసేసేవాళ్ళలో ఎక్కువమంది 4 మీద ఉన్నవాళ్ళే. ప్రెషర్ ఎక్కువై అలా ఉందనుకుంటారు, నిజానికి తక్కువై. 6 పెట్టండి. నాలుగైదు రాత్రులు చూడండి. ఓఏ ఇంకా వస్తుంటే, మెలకువలు ఉంటే 7. మళ్ళీ నాలుగైదు రాత్రులు. సాధారణంగా 95 శాతం ప్రెషర్‌కి రెండు మూడు పాయింట్ల కింద కింది ప్రెషర్ పెడితే మెషిన్‌కి పెద్దగా పరిగెత్తే పని ఉండదు. ఉదాహరణకి 95 శాతం 10.5 వస్తోందనుకోండి, 8 నుంచి 12 రేంజి చక్కగా సరిపోతుంది. ఒకేసారి 4 నుంచి 8కి దూకకండి, గాలి మింగేసి పొట్ట ఉబ్బరం వస్తుంది, తేన్పులతో లేస్తారు, అప్పుడు "ఇది నాకు పడదు" అని మెషిన్‌నే వదిలేస్తారు. ఒకవేళ ఉబ్బరం ఇప్పటికే ఉంటే పై ప్రెషర్ తగ్గించడం, తల వైపు మంచం కాస్త ఎత్తు చేయడం, రాత్రి భోజనం పడుకునే రెండు మూడు గంటల ముందే ముగించడం, ఈ మూడూ పనికొస్తాయి.

పై ప్రెషర్ 20 దగ్గర ఉంచితే ఏమవుతుందంటే, లీకుతోనో, అటూ ఇటూ కదలడంతోనో మెషిన్ మోసపోయి అనవసరంగా పైకి ఎక్కుతుంది. అందుకే ఒక మూత పెట్టాలి. కానీ గమనించండి, రోజూ ప్రెషర్ గ్రాఫు వెళ్ళి ఆ మూతకి కొట్టుకుని అక్కడే గంటలకొద్దీ నిలబడుతుంటే, పైగా ఓఏ వస్తుంటే, మూత మరీ కింద పెట్టారని అర్థం, ఒక పాయింటు ఎత్తండి.

ఫిక్స్‌డ్ ప్రెషర్ చెడ్డదని నేననట్లేదు. 1981లో సిడ్నీలో కొలిన్ సులివాన్ మొదటిసారి ఈ వైద్యం చూపించినప్పుడు ఉన్నది అదే, ఆటోలు తర్వాత వచ్చాయి, ఇప్పటికీ ఫలితాల్లో ఆటోకీ ఫిక్స్‌డ్‌కీ పెద్ద తేడా కనిపించలేదు. ప్రెషర్ ఎక్కిదిగుతుంటేనే నిద్ర పట్టని మనుషులు ఉంటారు, వాళ్ళకి ఫిక్స్‌డ్ పెడితే హాయిగా పడుకుంటారు. కాకపోతే ఆ నంబరు టైట్రేషన్ నుంచో, లీకు లేని కొన్ని రాత్రుల రిపోర్టు నుంచో రావాలి. షాపతను చెప్పిన 14 అలా వచ్చింది కాదు.

ర్యాంప్ గురించి రెండు ముక్కలు. పడుకోగానే తక్కువ ప్రెషర్‌తో మొదలై మెల్లగా పెరగడం ర్యాంప్. కొంతమందికి 45 నిమిషాలు పెట్టేసి ఉంటుంది, ర్యాంప్ మొదలు కూడా 4. మీ నాన్నగారు పది నిమిషాల్లో నిద్రపోతారని రాశారు, అంటే మిగతా అరగంట పైన చాలీ చాలని ప్రెషర్ మీద శ్వాస ఆగుతూ ఉంటారు. నిద్రపట్టిందని గమనించాకే ప్రెషర్ పెంచే ఆటో ర్యాంప్ ఉంటే అది పెట్టండి, లేకపోతే 10, 15 నిమిషాలకి తగ్గించి మొదలు ప్రెషర్ 5, 6 చేయండి. రాత్రి మధ్యలో బాత్రూమ్‌కి లేచి వచ్చాక మెషిన్ మళ్ళీ ర్యాంప్ నుంచి మొదలవుతోందేమో కూడా చూడండి, రెండో మెలకువకి అరగంటలోనే మళ్ళీ లేవడానికి ఇదొక కారణం అవుతుంది.

శ్వాస వదిలేటప్పుడు ప్రెషర్ తగ్గించే సెట్టింగు ఒకటుంటుంది, రెస్‌మెడ్‌లో ఈపీఆర్ అంటారు, 1, 2, 3 అని. 10 ప్రెషర్, ఈపీఆర్ 3 అంటే పీల్చేటప్పుడు 10, వదిలేటప్పుడు 7. గాలికి ఎదురీదుతున్నట్టుంది అనేవాళ్ళకి చాలా సుఖం. కానీ ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. గొంతు ఎక్కువగా మూసుకోవడం మొదలయ్యేది శ్వాస వదిలే చివర్లో, అక్కడ తెరిచి పట్టుకోవాల్సిన ప్రెషర్‌నే ఈపీఆర్ తగ్గిస్తోంది. కింది ప్రెషర్ 6 పెట్టి ఈపీఆర్ 3 పెడితే వదిలేటప్పుడు మెషిన్ 4కి దిగిపోతుంది, మీరు ఎక్కడ బయల్దేరారో అక్కడికే వచ్చినట్టు. కాబట్టి ఈపీఆర్ పెంచిన రోజు ఓఏ పెరిగితే కంగారు పడకండి, ఎంత ఈపీఆర్ పెట్టారో ఇంచుమించు అంత కింది ప్రెషర్ కూడా పెంచాలి, లేదా ఈపీఆర్ ర్యాంప్ వరకే పెట్టుకోవచ్చు. కొందరికి ఈపీఆర్ 3 మీద సీఏలు పెరుగుతాయి, వాళ్ళకి 1కి తగ్గించి చూస్తాం.

సీఏ గురించి జాగ్రత్తగా చదవండి. మెషిన్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు కొంతమందికి సీఏలు కొత్తగా వస్తాయి, ఎక్కువమందికి కొన్ని వారాల్లో, రెండు మూడు నెలల్లో వాటంతటవే తగ్గుతాయి. ఏహెచ్‌ఐ 8లో 6 సీఏలే అయితే ప్రెషర్ పెంచడం వల్ల ఉపయోగం లేదు, ఇంకా పెరగొచ్చు. మూడు నెలలు దాటినా సీఏలు గంటకి 5 పైన నిలబడి ఉంటే ఇంట్లో ఏం మార్చకండి, డాక్టరుగారికి చూపించండి, గుండె ఎకో చేయించారా అని అడగండి, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతున్నారేమో చెప్పండి. ఇలాంటప్పుడు ఏఎస్‌వీ అనే ఖరీదైన మెషిన్ కొనమనేవాళ్ళు ఉంటారు. గుండె పంపింగ్ 45 శాతం, అంతకన్నా తక్కువ ఉండి సీఏలే ఎక్కువున్నవాళ్ళకి ఆ మెషిన్ వల్ల గుండె మరణాలు పెరిగాయని 2015లో వచ్చిన సర్వ్-హెచ్‌ఎఫ్ స్టడీ చూపించింది. ఎకో లేకుండా ఎవరు చెప్పినా దాన్ని కొనొద్దు.

దిండు. ఇది సెట్టింగు కాదు గానీ సెట్టింగు కన్నా ఎక్కువ పనిచేస్తుంది ఒక్కోసారి. రెండు దూది దిళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకుని పడుకుంటే గడ్డం వెళ్ళి ఛాతీకి ఆనుతుంది, గొంతు గొట్టం మడత పడుతుంది, ఆ మడతని ఏ ప్రెషరూ విప్పలేదు. గ్రాఫులో చూస్తే తెలుస్తుంది, రాత్రంతా శుభ్రంగా ఉండి మధ్యలో ఒక అరగంట ఓఏలు గుంపుగా వరసగా పడి ఉంటాయి, మళ్ళీ ఏమీ ఉండవు. అలా గుంపులుగా కనిపిస్తే ప్రెషర్ వైపు వెళ్ళకుండా ఒక పల్చటి దిండుకి మార్చండి, పక్కకి తిరిగి పడుకోమనండి. రాయగడలో ఒకావిడకి ఈ ఒక్క దిండు మార్పుతో ఏహెచ్‌ఐ 9 నుంచి 3కి వచ్చింది.

తేమ విషయంలో మన ప్రాంతం ఒకే రకంగా ఉండదు. బరంపురం, గోపాల్‌పూర్ వైపు గాలిలోనే తేమ, అక్కడ హ్యుమిడిఫయర్ 2, 3 చాలు. కోరాపుట్, సెమిలిగుడ కొండ మీద చలికాలం రాత్రి గది బాగా చల్లబడుతుంది, అక్కడ హ్యుమిడిఫయర్ 6 పెడితే వెచ్చటి తడి గాలి చల్లటి గొట్టంలో నీళ్ళయిపోయి గళగళమని శబ్దం, ఒక్కోసారి చుక్క ముక్కులో పడి ఉలిక్కిపడి లేస్తారు. అలాంటప్పుడు గొట్టాన్ని దుప్పటి లోపల నుంచి తీసుకోండి, లేదా దానికో బట్ట తొడుగు కుట్టించండి, మెషిన్‌ని మంచం కన్నా కింద పెట్టండి, వేడి గొట్టం ఉంటే దాని వేడి ఒక మెట్టు పెంచండి. నోరు పిడచకట్టుకుపోయి లేస్తుంటే తేమ పెంచాలి, కానీ అది లీకు వల్ల కూడా అవుతుంది, ముందు లీకు చూడమన్నది అందుకే. నీళ్ళు మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోయండి, బోరు నీళ్ళు పోస్తే తొట్టి అడుగున తెల్లగా పొర కడుతుంది, బండి బ్యాటరీలో పోసే నీళ్ళు వద్దు. ముక్కు దిబ్బడ రోజూ ఉంటే పడుకునే ముందు సెలైన్ నీళ్ళతో కడుక్కోవడం, అయినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు. ముక్కు మూసుకుని ఉండగా ప్రెషర్‌తో నెట్టుకురాలేం.

మీ దగ్గర కరెంటు గురించి అడగలేదు గానీ అడగాల్సింది. రాత్రి రెండింటికి కరెంటు పోతే మెషిన్ ఆగిపోతుంది, ఫుల్ ఫేస్ మాస్కుకి ముందు వైపు చిన్న వాల్వు ఉంటుంది, ప్రెషర్ పోగానే అది తెరుచుకుని బయటి గాలి వస్తుంది, ఊపిరాడక ప్రమాదం జరగదు, కానీ మనిషి ఉక్కపోతతో కచ్చితంగా లేస్తాడు. రిపోర్టులో మెషిన్ ఆగిన సమయాలూ కరెంటు పోయిన సమయాలూ ఒకటేనా చూడండి, ఒకటే అయితే మెలకువకి సెట్టింగుతో సంబంధమే లేదు. ఇంటి ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్‌ది అయితే మెషిన్ ప్లగ్గు దాని లైన్లో పెట్టించండి. బ్యాటరీ తినేది ఎక్కువగా నీళ్ళు వేడిచేసే హీటరే, కరెంటు ఎక్కువగా పోయే రోజుల్లో హ్యుమిడిఫయర్, వేడి గొట్టం ఆపేస్తే అదే బ్యాటరీ చాలా ఎక్కువసేపు వస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు, మెషిన్ మీద ఉన్నవాళ్ళు కూర్చునే నిద్రపోయారు. అక్టోబర్ వచ్చేలోపు, మీ మెషిన్‌కి సరిపడే డీసీ కన్వర్టరు ఒకటి అడిగి పెట్టుకోండి, 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుకోవచ్చు. అంతవరకూ మెషిన్ లేని రాత్రి పక్కకి తిరిగి, తల వైపు ఎత్తు పెట్టుకుని పడుకోవాలి.

ఇంకో రెండు కారణాలు మెషిన్‌వి కావు. ఒకటి, ఒంటేలుకి లేవడం. స్లీప్ ఆప్నియా సరిగ్గా అదుపులో లేనప్పుడు రాత్రి మూత్రం ఎక్కువ తయారవుతుంది, అదుపులోకి వస్తే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే షుగరు, ప్రోస్టేటు చూపించాలి, బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ వచ్చే మందు సాయంత్రం వేసుకుంటుంటే పొద్దుటికి మార్చొచ్చా అని డాక్టరుగారిని అడగాలి. రెండోది మద్యం, నిద్రమాత్రలు. సాయంత్రం రెండు పెగ్గులు వేస్తే నిద్ర తొందరగా పడుతుంది గానీ గొంతు కండరాలు మరింత వదులవుతాయి, అర్ధరాత్రి దాటాక నిద్ర ముక్కలవుతుంది. ఇది ఉంటే ఏ రేంజి పెట్టినా లెక్క కుదరదు. ఇక రాత్రికి ఒకటి రెండుసార్లు మెలకువ వచ్చి, అటు తిరిగి మళ్ళీ నిద్రపోతే అది అందరికీ ఉండేదే, దాన్ని సున్నా చేయాలని సెట్టింగులు రోజూ కెలక్కండి.

వీళ్ళు ఇంట్లో ప్రెషర్ మార్చకూడదు: గుండె ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళు, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉండి ఆక్సిజన్ వాడేవాళ్ళు, బైపాప్ (పీల్చడానికి, వదలడానికి వేర్వేరు ప్రెషర్ ఇచ్చే మెషిన్) మీద ఉన్నవాళ్ళు, స్టడీలో ఆక్సిజన్ బాగా పడిపోయి మెషిన్ పెట్టాక కూడా తక్కువే ఉన్నవాళ్ళు. పొద్దున్నే తలనొప్పితో, మత్తుగా లేస్తుంటే కూడా ముందు డాక్టరే. మీ నాన్నగారికి ఇవేవీ లేవని రాశారు కాబట్టే ఇంత వివరంగా చెప్తున్నాను. ఆయన బండి నడుపుతారని రాశారు, నిద్ర సరిపడే వరకు పర్లాకిమిడి నుంచి టెక్కలి రోడ్డు మీద బండి ఆయన చేతికి ఇవ్వకండి, దయచేసి.

కింద ఎవరో సెకండ్‌హ్యాండ్ మెషిన్ గురించి అడిగారు. 2021 జూన్‌లో ఫిలిప్స్ వాళ్ళు లోపలి ఫోమ్ పాడవుతోందని మొదటి తరం డ్రీమ్‌స్టేషన్‌తో సహా చాలా మోడళ్ళు వెనక్కి పిలిచారు, పాతది కొనేముందు సీరియల్ నంబరు పెట్టి అది రికాల్‌లో ఉందా, మార్చి ఇచ్చిందా చూసుకోండి. మాస్కు, గొట్టం, ఫిల్టరు మాత్రం కొత్తవే కొనాలి.

మీ వరకూ ఈ వారం చేయాల్సింది: ఈ రాత్రి పళ్ళసెట్టు తీసేశాక పడుకోబెట్టి మాస్కు అమర్చండి, దిండు ఒకటే. సెట్టింగు ఏదీ ముట్టుకోకుండా మూడు రాత్రుల లీకు చూడండి. లీకు తగ్గితే డాక్టరుగారితో మాట్లాడి కింది ప్రెషర్ 6, నాలుగైదు రాత్రులయ్యాక ర్యాంప్ ఆటో, ఈపీఆర్ ఇప్పుడు ఎంతుంటే అంతే. తగ్గకపోతే ప్రెషర్ జోలికి వెళ్ళకుండా కుషన్ సైజు కొలిపించండి, చాలా షాపుల్లో కాగితం గేజి ఇస్తారు. మూడు రాత్రుల తర్వాత లీకు, 95 శాతం ప్రెషర్, ఓఏ, సీఏ విడివిడిగా ఇక్కడే రాయండి, కుదిరితే ఆస్కార్ గ్రాఫులో రెండింటి నుంచి నాలుగింటి వరకు భాగం ఫోటో పెట్టండి, పై ప్రెషర్ ఎక్కడ ఆపాలో అది చూసి చెప్తాను.